ఒక్కటే మిగిలింది

ఆ రోజు ఉదయం ఫెర్మీన్ జబలేతా వేసుకున్న పథకం చాలా చిన్నది. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఏడాది చదవాల్సిన కోర్సులేవో తేల్చుకోవాలి. కాలేజీకి వెళ్ళి ఎప్పటినుంచో వేలాడుతున్న స్టాటిస్టిక్స్ పరీక్ష గట్టెక్కాలి. మధ్యాహ్నం పన్నెండు లోపల కోర్సులకు పేరు నమోదు చేసుకోవాలి. ఇంత చిన్న పథకంలో పొరపాటుకు చోటెక్కడిదని మామూలు మనిషి అనుకుంటాడు. మామూలు మనిషి జీవశాస్త్రం డిగ్రీ చదివి ఉండడు.

ఫెర్మీన్ చదువుతున్నాడు. ఎన్నేళ్ళుగా చదువుతున్నాడని అడగడం మా వీధిలో మర్యాద కాదు. అతనితో పాటు మొదటి ఏడాది బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఉద్యోగాల్లో చేరి, పెళ్ళిళ్ళు చేసుకుని, ఒకరిద్దరు విడాకులు కూడా తీసుకుని స్థిరపడ్డారు. అతను మంచివాడు, తెలివైనవాడు, పుస్తకమంటే భయం లేనివాడు. అయితే చదవడానికి కూర్చునే ముందు ఎలా చదవాలో పథకం వేసుకోవాలని అతని సిద్ధాంతం. రంగు పెన్సిళ్ళతో, బాణం గుర్తులతో ఆ పథకం చూడముచ్చటగా తయారయ్యేది. అది తయారయ్యే నాటికి పరీక్షలు అయిపోయేవి.

తప్పంతా అతనిదే అంటే మాత్రం కళ్ళు పోతాయి. మా ఊరు సాన్ ఎవారిస్తోలోని జీవశాస్త్ర కళాశాల వారి కోర్సులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నడుస్తాయి. జీవావరణ శాస్త్రం చదవాలంటే పరిణామ శాస్త్రం అయి ఉండాలి. పరిణామ శాస్త్రానికి జెనెటిక్స్ అయి ఉండాలి. జెనెటిక్స్‌కు స్టాటిస్టిక్స్ అయి ఉండాలి. బఠానీ మొక్క పొడుగ్గా పుడుతుందో పొట్టిగా పుడుతుందో తెలుసుకోవడానికి ముందు లెక్కలతో కుస్తీ పట్టాలన్నమాట. దీనికి తోడు కళాశాల వాళ్ళు కొత్త సిలబస్ ఒకటి తెచ్చి పెట్టారు. పాత సిలబస్ పిల్లలు ఈ ఏడాది జెనెటిక్స్‌లో చేరకపోతే ఇన్నాళ్ళూ పాసైనవన్నీ రద్దు. మళ్ళీ మొదటి ఏడాది, మళ్ళీ వానపామును కోయడం. "పిల్లలు" అన్నది వాళ్ళ మాట. నడినెత్తిన జుట్టు పలచబడుతున్న ఫెర్మీన్ కూడా ఆ లెక్కలోకే వస్తాడు.

అందుకే ఆ ఉదయం అతను తెర మీది కోర్సులకు కళ్ళప్పగించి కూర్చున్నాడు. బయోకెమిస్ట్రీ, జంతు శరీరధర్మ శాస్త్రం రెండూ ఒకే గంటకు, ఊరికి చెరో చివర పెట్టారు. ఏది వదలాలో తేలక రెండూ కొట్టేశాడు. వృక్ష వర్గీకరణలోనూ, సూక్ష్మజీవుల కోర్సులోనూ సీట్లు నిండిపోయాయి. సముద్ర జీవుల కోర్సు చెప్పే ఆయన సెలవు పెట్టి సముద్రానికే వెళ్ళిపోయాడు. పరిణామం, జీవావరణం సంగతి సరేసరి, జెనెటిక్స్ లేకుండా వాటి గుమ్మం తొక్కనివ్వరు. ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోగా చివరికి తెర మీద జెనెటిక్స్ మాత్రమే నిలిచింది. కావలసిందీ అదే. ఇవాళ్టి స్టాటిస్టిక్స్ దాటితే చాలు, అందులో సీటు ఖాయం. ఆ సంతోషం పట్టలేక గదిలోంచే కేకేశాడు:

"అమ్మా! ఒక్కటే మిగిలింది! ఇవాళ పరీక్ష పాసైతే ఇక అయిపోయినట్టే!"

అయిపోయేది ఆ ఏడాది పథకం. వంటింట్లో ఉన్న తల్లి నెలిదా చెవిన పడింది మాత్రం డిగ్రీ.

నెలిదా కెటిల్‌తో మాతే కలుపుకుంటోంది, మా ఊళ్ళో టీకి బదులు తాగేది అదే. మాతే ఆకు మీద పడాల్సిన వేణ్ణీళ్ళు బల్ల మీద పడ్డాయి. ఎన్నేళ్ళుగానో ఆ మాట కోసం కాచుకుని ఉన్న తల్లి ఆవిడ. పక్కింటి కుర్రాడు వకీలయ్యాడు. ఎదురింటి అమ్మాయి దంతవైద్యురాలైంది. వాళ్ళిద్దరినీ గుడ్లతో కొట్టిన రోజున నెలిదా కూడా వెళ్ళి గురి చూసి కొట్టి వచ్చింది. నవ్వుతూనే కొట్టింది గానీ ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది.

గుడ్లతో కొట్టడం అర్జెంటీనా అంతటా ఉన్న ఆచారమే, మా ఊళ్ళో కాస్త ముదిరింది. ఆఖరి పరీక్ష పాసై బయటికొచ్చినవాణ్ణి కళాశాల మెట్ల మీదే పట్టుకుని, ఇంటిల్లిపాదీ కలిసి కోడిగుడ్లు, పిండి, ఆవపిండి ముద్ద, ఇంట్లో ఏది పాడైపోయి ఉంటే అది, నెత్తిన కుమ్మరించాలి. పట్టా కాగితం ఎప్పుడొస్తుందో ఎవరూ అడగరు, చూపిస్తానన్నా చూడరు. గుడ్లు పడ్డాయా లేదా అన్నదే మా ఊరికి కావలసిన రుజువు. ఇంకో పట్టింపు కూడా ఉంది. ఆఖరి పరీక్ష సంగతి ఆ పరీక్షకు వెళ్ళేవాడి దగ్గర ఎత్తకూడదు. ఎత్తితే దిష్టి తగిలి తప్పుతాడు. అందుకే నెలిదా "ఏమిటి నాన్నా మిగిలింది?" అని అడగలేదు. అడిగి ఉంటే అందరి బట్టలూ శుభ్రంగా ఉండేవి.

ఫెర్మీన్ గదిలోంచి వచ్చేసరికి ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుని నిలబడి ఉంది.

"అమ్మా, నా తెల్ల చొక్కా ఏది?"

"అది వద్దు. పాత బనీను ఉందిగా, చంక కింద చిరిగిందే, అది వేసుకో."

"పరీక్షకా? ప్రొఫెసర్ల ముందుకి చిరుగుల బనీనుతో వెళ్ళమంటావా?"

"వాళ్ళు చదువు చూస్తారు గానీ చంకలు చూస్తారా? వేసుకోమంటుంటే!"

"ప్యాంటైనా..."

"గోడలకి సున్నం వేసినప్పుడు తొడుక్కున్న ప్యాంటుంది. అదీ."

ఇస్త్రీ చేయడం మరిచిపోయి దబాయిస్తోంది కాబోలని ఫెర్మీన్ అనుకున్నాడు. ఎదురుచెప్పే తీరిక లేదు. వేయించిన మాంసం ముక్క రెట్టింపు పెట్టిన రొట్టె ఒకటి ఆవిడ అతని చేతిలో పెట్టింది. గుమ్మం దాకా వచ్చి నుదుటి మీద ముద్దు పెట్టుకుని, మాట మాట్లాడకుండా లోపలికి పరుగెత్తింది. స్టాటిస్టిక్స్‌కే ఇంత మర్యాద జరుగుతుంటే జెనెటిక్స్ పాసైన రోజున ఏం చేస్తుందోనని ఆశ్చర్యపోతూ అతను బస్సెక్కాడు.

బస్సు మలుపు తిరగకముందే నెలిదా చెల్లెలికి ఫోన్ చేసింది.

"పొరోతా, కూర్చున్నావా?"

"నిలబడే ఉన్నానక్కా, చెప్పు. ఎవరు పోయారు?"

"నీ నోట్లో మట్టి పడ! ఎవరూ పోలేదే. మనవాడికి ఒక్కటే మిగిలిందట. అదీ ఇవాళే."

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది. పొరోతా కూర్చుని మాట్లాడడం ఎవరూ ఎరగరు.

"అక్కా, ఈ సంగతి ఎవరితోనూ అనకు. దిష్టి తగుల్తుంది."

"నీకు తప్ప ఎవరికి చెప్తానే?"

"నేను మాత్రం ఎవరికి చెప్తాను?"

పొరోతా ఎవరికీ చెప్పలేదు. వీధి చివరి కొట్లో పిండి బస్తా ఎత్తిస్తుంటే ఇంత పిండి ఎందుకమ్మా అని కొట్టాయన అడిగాడు. అబద్ధమాడే అలవాటు ఆవిడకు లేదు. ఆవిడ మొగుడు కాచోకు ఊరవతల కోళ్ళ ఫారం ఉంది. అమ్మకానికి పనికిరాని పగుళ్ళ గుడ్లను ఎప్పటికైనా ఒక శుభకార్యానికి పనికొస్తాయని అతను పాకలో దాచి ఉంచాడు. ఎన్నాళ్ళుగా దాచాడో పాక తలుపు తీయగానే వీధిలో అందరికీ తెలిసిపోయింది. అతని వ్యానుకు ఎవరో బుడగలు కట్టారు. ఫుట్‌బాల్ మ్యాచీల్లో మోగించే పెద్ద డోలు ఒకటి ఎక్కించారు. మాంసం కొట్టాయన తెల్ల దుప్పటి మీద "మా జీవశాస్త్రవేత్త ఫెర్మీన్" అని ఎర్ర రంగుతో రాసుకొచ్చాడు. అది రంగేనా అని ఎవరూ అడగలేదు. ఫెర్మీన్ తండ్రి అన్సెల్మో లారీ నడుపుతాడు, ఆ పూట దక్షిణాన ఎక్కడో గాలి తప్ప మనిషి లేని రోడ్డు మీద ఉన్నాడు. కబురు అందగానే లారీ పక్కకి ఆపి, ఫోను చెవికి ఆనించుకుని, కొడుకు బయటికొచ్చే క్షణానికి హారన్ కొట్టడానికి సిద్ధమై కూర్చున్నాడు.

లోపల పరీక్ష గదిలో స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ డాక్టర్ సలుస్తియానో, ఎదురుగా వచ్చి కూర్చున్న చిరుగుల బనీనును, సున్నం మరకల ప్యాంటును కళ్ళజోడు సవరించుకుని మరీ చూశాడు.

"ఇంట్లో ఇబ్బందులా బాబూ?"

"లేదండీ. అంతా పథకం ప్రకారమే ఉంది."

"మంచిది. ప్రామాణిక విచలనం అంటే ఏమిటి?"

"సగటు నుంచి ఎంత దూరం తప్పిపోయామో చెప్పేదండీ."

"ఉదాహరణ?"

ఫెర్మీన్‌కు పుస్తకంలో ఉదాహరణ గుర్తు రాలేదు.

"ఈ డిగ్రీకి సగటున పట్టే కాలం ఒకటుంది కదండీ. నాకు పట్టిన కాలం ఇంకొకటుంది. ఆ తేడా ఉంది చూశారూ..."

డాక్టర్ సలుస్తియానో నవ్వడం ఆ కళాశాలలో ఎవరూ చూడలేదు. చూసినవాళ్ళు కూడా దగ్గనుకున్నారు. పదికి నాలుగు వేశాడు. నాలుగు వస్తే పాస్. ఇంకో ఉదాహరణ అడిగి ఉంటే అది మూడయ్యేదని ఇద్దరికీ తెలుసు, అందుకే ఇద్దరూ త్వరగా లేచారు.

ఆ పూట పాసైనవాళ్ళు కళాశాల కంప్యూటర్ దగ్గరే పేరు నమోదు చేసుకోవాలి. ఆ కంప్యూటర్ పక్క భవనంలో ఉంది. దానికి వెళ్ళాలంటే ముందు మెట్లు దిగి వెళ్ళాలి. గడువుకి ఇంకా సమయం ఉంది. ఫెర్మీన్ ఈల వేసుకుంటూ తలుపు తీసుకుని బయటికొచ్చి తలెత్తి చూస్తే, ఎదురుగా వీధంతా నిలబడి ఉంది.

"పాసయ్యావా?" అని కేకేసింది పొరోతా.

"పాసయ్యాను పిన్నీ, కానీ..."

ఆ "కానీ" గాలిలో ఉండగానే మొదటి గుడ్డు వచ్చి నుదుటికి తగిలింది. విసిరింది కన్నతల్లే. ఆ వెనకే పిండి, పిండి వెనక ఆవపిండి ముద్ద, దాని వెనక కాచో పాకలోని సరుకు. డోలు మోగింది. ఫెర్మీన్ నోరు తెరిచిన ప్రతిసారీ అందులోకి ఏదో ఒకటి వచ్చి పడింది. చివరికి మొహానికి చేతులడ్డం పెట్టుకుని ఒక్క మాట మాత్రం స్పష్టంగా అరవగలిగాడు.

"ఇంకా ఉన్నాయి!"

"ఉన్నాయిరా నాయనా, వ్యాన్ నిండా ఉన్నాయి!" అన్నాడు కాచో బాబాయి, రెండో బుట్ట దింపిస్తూ.

నెలిదా జనాన్ని తోసుకుని వచ్చి, ఆ సొనతోనే కొడుకుని కావలించుకుంది. "నా కళ్ళతో చూస్తాననుకోలేదురా నాన్నా" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ చేతిలోని ఫోన్లోంచి లారీ హారన్ ఆగకుండా మోగుతోంది. ఫెర్మీన్‌కు కూడా ఏడుపొచ్చింది. సొన కారుతున్న మొహం మీద కన్నీళ్ళు ఎవరికీ కనబడలేదు. తల్లిని అంత సంతోషంగా అతను ఎన్నడూ చూడలేదు. ఆ సంతోషం మీద నిజం పోసి ఆర్పడానికి నోరు రాలేదు.

సరిగ్గా అప్పుడే కళాశాల అకడమిక్ సెక్రటరీ ఎర్సిలియా లస్కానో బయటికొచ్చింది. మెట్ల మీద గుడ్లు కొట్టడానికి వీల్లేదనీ, కొట్టించుకున్న పట్టభద్రుడే మెట్లు కడగాలనీ, కడిగేదాకా పట్టా ఆపాలనీ ఈమధ్యనే నిబంధన రాయించిన మహాతల్లి. ఆవిడ "ఏమిటీ..." అనేంతలో కాచో పాకలో బాగా ముగ్గిన గుడ్డు ఒకటి వెళ్ళి ఆవిడ భుజం మీద విశ్రమించింది. డోలు ఆగిపోయింది. హారన్ ఒక్కటే మోగుతూ ఉంది.

"ఎవరిదిది?" అంది సెక్రటరీ.

"మాదేనండీ" అంది నెలిదా గర్వంగా. "గుడ్డు సంగతి తెలీదు గానీ, కుర్రాడు మావాడే."

"పేరేంటయ్యా?"

"ఫెర్మీన్ జబలేతా అండీ."

"ఇవాళ పాసయ్యావా?"

ఫెర్మీన్ తల్లి మొహం చూశాడు. ఆవిడ చేతిలో ఫోను చూశాడు. "స్టాటిస్టిక్స్ పాసయ్యానండీ" అన్నాడు. అందులో అబద్ధం లేదు.

"పట్టభద్రులు మెట్లు కడగాలి. బకెట్టు తలుపు వెనకాలుంది" అని చెప్పి సెక్రటరీ లోపలికి నడిచింది. లోపలికెళ్ళి కంప్యూటర్లో అతని పేరు మీద జరిమానా ఎక్కించింది. మామూలు విద్యార్థి మెట్లు పాడుచేస్తే ఎక్కించే వీలు అందులో లేదు, ఎందుకంటే మామూలు విద్యార్థిని ఎవడూ గుడ్లతో కొట్టడు. అందులో ఉన్నది ఒకటే: "పట్టభద్రుడు, మెట్లు కడగవలెను." ఆవిడ దాన్నే నొక్కింది.

ఫెర్మీన్ మెట్లు కడుగుతుంటే బంధువర్గం చుట్టూ పాటలు పాడింది. పాడుతూ పాడుతూ కడిగిన చోట మళ్ళీ రెండు గుడ్లు కొట్టింది. చివరికి చీపురు పారేసి, పన్నెండుకి కొద్ది నిమిషాల ముందు అతను కంప్యూటర్ ముందు వాలాడు. వేలు పెట్టిన ప్రతి అక్షరమూ వేలికే అంటుకుంది. ఎలాగో తన పేరు కొట్టి, జెనెటిక్స్ అని కొట్టి చూశాడు. తెర మీద జవాబు వెంటనే వచ్చింది.

"మీరు పట్టభద్రులు. డిగ్రీ కోర్సుల్లో చేరడానికి మీకు అర్హత లేదు. అభినందనలు."

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అభినందించింది. సెక్రటరీ కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ కోటు ఉతికించుకోవడానికి వెళ్ళిందని ఒక చీటీ అంటించి ఉంది. పన్నెండు కొట్టింది. గడువు తీరిపోయింది. జెనెటిక్స్ పోయింది, దానితో పాటు పాసైనవన్నీ పోయాయి. ఇన్నేళ్ళ బతుకు వానపాము దగ్గరికి తిరిగొచ్చింది. బయట వ్యాను హారన్ కొడుతోంది. శాస్త్రవేత్త గారిని ఊరేగించాలట.

మధ్యాహ్నం ఇంటి పెరట్లో నిప్పుల మీద మాంసం చిటపటలాడుతుంటే, వీధి మొత్తం ఫెర్మీన్‌ని "లైసెన్సియేట్ గారూ" అని పట్టభద్రుల బిరుదుతో పిలవడం మొదలుపెట్టింది. నిన్నటిదాకా "ఏరా" అన్నవాళ్ళే. మాంసం కొట్టాయన తన చిలకను పట్టుకొచ్చాడు, ఈకలు రాలుతున్నాయట. పొరోతా మెడ మీది పుట్టుమచ్చ చూపించింది. పక్కింటి వకీలు తల్లి తనకు అరగడం లేదని చెప్పింది. కాచో బాబాయి ఒక కోడిని ఒళ్ళో పెట్టాడు.

"ఇది వారం నుంచి గుడ్డు పెట్టడంలేదురా, చూడు."

"ఇవాళ్టి సంగతి దానికి ముందే తెలిసుంటుంది బాబాయ్."

"శాస్త్రం మాట్లాడుతున్నాడు!" అని కాచో అందరికీ చెప్పాడు.

ఇక దాచడం తనవల్ల కాదనుకుని ఫెర్మీన్ తల్లిని పక్కకి పిలిచాడు. ఆవిడ మాంసం కూరిన కజ్జికాయల్లాంటి ఎంపనాడాల పళ్ళెంతో వచ్చింది.

"అమ్మా, నీకొక మాట చెప్పాలి. ఒక్కటి కాదమ్మా. ఎనిమిది మిగిలాయి."

నెలిదా పళ్ళెంలోకి చూసి లెక్కపెట్టింది. "ఏడే ఉన్నాయి నాన్నా. ఒకటి మీ బాబాయి నోట్లో వేసుకుని ఉంటాడు. ఇవి నీకే, తిను" అంది. అతను తిన్నాడు. తల్లి ఎదురుగా కూర్చుని చూస్తుంటే తినక తప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఇంట్లో చెప్పకుండా వెళ్ళి సెక్రటరీ కిటికీ ముందు నిలబడ్డాడు. ఆవిడ వేరే కోటు వేసుకుని ఉంది.

"మేడమ్, నేను పట్టభద్రుణ్ణి కాదండీ."

"కంప్యూటర్ అవునంటోందే."

"నాకింకా ఎనిమిది కోర్సులు మిగిలున్నాయండీ."

"అదీ నిజమే. అది కూడా కంప్యూటరే చెప్తోంది."

"మరి?"

"మరేముంది? ఎనిమిది మిగిలున్నాయి కాబట్టి పట్టా ఇవ్వడానికి లేదు. పట్టభద్రుడివి కాబట్టి కోర్సులివ్వడానికి లేదు."

"పొరపాటు దిద్దించండి మేడమ్, మీకు పుణ్యముంటుంది."

"దిద్దాలంటే కౌన్సిల్‌కి విద్యార్థి అర్జీ పెట్టుకోవాలి."

"ఇప్పుడే పెడతాను."

"నువ్వు విద్యార్థివి కాదు కదయ్యా."

"ఎనిమిదా?" అని వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

ఫెర్మీన్ వెనక్కి తిరిగాడు. నెలిదా నిలబడి ఉంది. పాడైపోయిన కోటుకి క్షమాపణగా సెక్రటరీకి ఇద్దామని జామపండు తీపి పెట్టి కాల్చిన రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చింది.

"ఒక్కటే అన్నావు కదరా!"

"ఈ ఏడాదికి చేరడానికి ఒక్కటే మిగిలిందన్నానమ్మా."

"మరి నిన్న మెట్ల మీద నోరు తెరవలేకపోయావా?"

"తెరిచినప్పుడల్లా పిండి పోసింది నువ్వేగా!" అని, గొంతు తగ్గించి, "ఆ తర్వాత నీ మొహం చూశానమ్మా. చెప్పబుద్ధి కాలేదు" అన్నాడు.

నెలిదా అక్కడున్న బెంచీ మీద కూలబడింది. పాపం, ఆవిడకు డిగ్రీ పోయిన బాధ ఒకవైపు, చెల్లెలికి ఏం చెప్పాలన్న బెంగ ఒకవైపు. ఎక్కువ బాధ ఏదో ఆవిడకే తెలియలేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, రొట్టె కొడుకు చేతికిచ్చి, లేచి కిటికీ దగ్గరికి నడిచింది.

"చూడండమ్మా, నేను చదువుకున్నదాన్ని కాదు. మావాడు పట్టభద్రుడని మీ మిషను అంటోందా లేదా?"

"అంటోంది."

"కాడని మీరంటున్నారు. మీ ఇద్దరిలో ఎవరు పెద్ద?"

సెక్రటరీ ఆలోచించింది. అబద్ధమాడడం ఆవిడకూ చేతకాదు. "మిషనేనండీ" అని ఒప్పుకుంది.

"అయితే వాడు పట్టభద్రుడే. పట్టభద్రుడు పాసైనవి రద్దు చేస్తామని మీ నిబంధనల్లో ఉందా?"

"లేదు. విద్యార్థులవే రద్దవుతాయి."

"సరే. గుడ్లు పడ్డాక వెనక్కి తీసుకునే పద్ధతి మా వీధిలో లేదు. ఇప్పుడు మావాడు జెనెటిక్స్ గదిలోకి వెళ్ళాలి. విద్యార్థిగా పోనివ్వరు. పట్టభద్రులు ఏ దారిన వెళ్తారో ఆ దారి చూపించండి మరి."

"పట్టభద్రులు ఆ గదిలోకి వెళ్ళాలంటే పాఠం చెప్పడానికే వెళ్ళాలమ్మా" అంది సెక్రటరీ విసుగ్గా.

"పట్టభద్రుడా? ఎవరు? ఎక్కడ?" అంటూ వరుసలో వెనక నిలబడ్డ ఒక ముసలావిడ అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది. జెనెటిక్స్ ప్రొఫెసర్ రెమీహియా ఒయోలా ఆవిడ. సహాయ అధ్యాపకుడు చెప్పాపెట్టకుండా బ్రెజిల్ వెళ్ళిపోయినప్పటి నుంచీ ఆ జీతానికి ఒప్పుకునే పట్టభద్రుడి కోసం రోజూ ఆ కిటికీ చుట్టూ తిరుగుతోంది. ఫెర్మీన్ చెయ్యి పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు.

"సోమవారం పొద్దున్నే వచ్చెయ్ బాబూ. ప్రాక్టికల్ క్లాసులు నీవి."

"మేడమ్, నాకు జెనెటిక్స్ రాదండీ!"

"వినయం మంచిదే. ముందున్నవాడికీ రాదు, ఒప్పుకునేవాడు కాదు."

"వినయం కాదండీ, నిజంగానే ఆ కోర్సు నేను చదవలేదు. నా ఎనిమిదింట్లో అదొకటి."

ముసలావిడ సెక్రటరీ వైపు చూసింది. "ఎర్సిలియా, ఏదైనా కోర్సు ఏడాది పాటు బోధించినవాడు ఆ కోర్సు పాసైనట్టే అని ఒక నిబంధన ఉండాలే?"

"ఉందండీ. బయటి దేశాల నుంచి వచ్చే ప్రొఫెసర్ల కోసం రాశారు."

"బయటి దేశాలవాళ్ళకే అని రాశారా?"

సెక్రటరీ ఎర్సిలియా లస్కానో ఆ నిబంధన వెతికి, పైనుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి చదివింది. మొహం చిట్లించింది. అలా రాసి లేదు. నిబంధనకు ఎదురు వెళ్ళడం ఆవిడ జన్మలో లేదు. ఫెర్మీన్ జబలేతా పేరు సహాయ అధ్యాపకుల్లో ఎక్కించింది. కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పకుండా మళ్ళీ అభినందించింది. నెలిదా రొట్టెను ఇద్దరు ఆడవాళ్ళకూ చెరిసగం కోసి పెట్టింది. ఇంటికి వెళ్ళేదారిలో కొడుకుతో ఒక్కటే మాట అంది: "పొరోతా పిన్నికి చెప్పావో, చంపేస్తాను."

పొరోతాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా అక్క కొడుకు డిగ్రీ పాసైన మర్నాడే అదే కళాశాలలో మాస్టారయ్యాడని ఊరంతా ఆవిడే చాటింది. వకీలు తల్లి మూడు రోజులు వీధిలోకి రాలేదు. మిగిలిన ఏడు కోర్సుల సంగతి ఏమిటని ఫెర్మీన్ ఎర్సిలియా లస్కానోని మెల్లగా అడిగితే, అందులో నాలుగింటికి సహాయ అధ్యాపకులు దొరకడంలేదని ఆవిడ అంతకంటే మెల్లగా చెప్పింది.

సోమవారం ఉదయం నెలిదా తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. జెనెటిక్స్ గదిలో ఒయోలా గారు బఠానీ మొక్కల గురించి పాఠం మొదలుపెట్టారు. కొత్త విద్యార్థులు సగంమంది కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, సగంమంది ఫోన్లలోకి చూస్తున్నారు. ఆ ఏడాది ఆ గదిలో ఒక్క అక్షరం కూడా వదలకుండా నోట్సు రాసుకున్నవాడు ఒక్క మాస్టారే.